ఏటి మీద ఫిర్యాదు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే పెద్ద ఊరేం కాదర్రా, ఏటి ఒడ్డున గుప్పెడు గడపలు. ఆ ఊళ్ళో గవరయ్య అని ఒక పంతులు ఉండేవాడు. పలకా బలపం పంతులు కాదు, ఈత నేర్పే పంతులు. మగపిల్లల నడుములకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి ఏట్లోకి తోసేవాడు. వాళ్ళు కేకలు పెట్టేవాళ్ళు, వాళ్ళ అమ్మలు గట్టు మీద శాపనార్థాలు పెట్టేవాళ్ళు, ఆయన మీసం దువ్వుకుంటూ నవ్వేవాడు. ఈత వచ్చాక బుర్రలు విప్పేసి ఒక్క మాట చెప్పేవాడు. నీళ్ళల్లో ఎవరి చెయ్యయినా పట్టుకున్నావా, ఒడ్డు చేరేదాకా వదలకు. ఆ మాట మీద నిలబడ్డమే ఆయనకి దక్షిణ. ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి, గోడకి చెబుతున్నానా నేను?

శిష్యులందర్లోకీ పైడయ్య అంటే గవరయ్యకి ప్రాణం. పెళ్ళాం పిల్లలు లేని మనిషి కదా, వాణ్ణే కొడుకనుకున్నాడు. పైడయ్య పెద్దవాడై రేవులో పడవ నడిపేవాడు. అయినా పొద్దున్నే పంతులుకి కనపడి, ఓ తిట్టు తిని గానీ పనిలోకి వెళ్ళేవాడు కాదు.

ఒక ఏడు శ్రావణంలో ఏరు పొంగింది. పడవ తిరగబడింది. పైడయ్య ఒక్కొక్కర్నే ఒడ్డుకి చేర్చాడు. ఆఖర్న కుంచాలోళ్ళ కోడలు రావులమ్మ మిగిలింది, కడుపుతో ఉన్న మనిషి. ఆమె చెయ్యి పట్టుకుని ఒంటిచేత్తో ఈదాడు, ఈదాడు, రెక్క పడిపోయేదాకా ఈదాడు. గట్టున ఉన్న తుమ్మవేరు ఆమె చేతికి అందించాడు. ఆమె వేరుని పట్టుకుంది, అతన్ని ఏరు పట్టుకుంది. పోయాడర్రా, బంగారంలాంటి మనిషి.

గవరయ్య ఏడ్చాడు. మగాళ్ళు ఏడవకూడదంటారే, అది ఒట్టి మాట. ఏడ్చి ఏడ్చి, సొరబుర్రలు అటకెక్కించి, ఇంక ఎవరికీ ఈత నేర్పనని తలుపేసుకున్నాడు. ఎవరెళ్ళి పిలిచినా గడియ తియ్యలేదు. పిల్లలకి నీళ్ళంటే భయం పట్టుకుంది. మళ్ళీ వానాకాలం రాకమానదు, ఏరు పొంగకమానదు, అప్పుడు దిగేదెవరూ అని ఊరంతా బెంగ పెట్టుకుంది.

ఇలా ఉండగా మాఘమాసంలో ఓ రోజు గవరయ్య తిన్నగా రాజుగారి దగ్గరికి వెళ్ళి, నా శిష్యుణ్ణి ఏరు చంపింది, దానికి శిక్ష వెయ్యండని ఫిర్యాదు చేశాడు. ఆ రాజు సంగతి చెప్పాలి మీకు. రోజూ ఎవరికో ఒకరికి శిక్ష వెయ్యనిదే ఆయనకి ముద్ద దిగదు. లోపల గుత్తొంకాయ కూర చల్లారిపోతోంది. ఏరెందుకు చంపిందని మంత్రిని అడిగాడు. ఏరేం చేస్తుంది మహారాజా, వాన పొంగించింది. వానేం చేస్తుంది, పడవ తిరగబడింది. పడవేం చేస్తుంది, పైడయ్య ఈదలేకపోయాడు. పైడయ్యేం చేస్తాడు, ఒక్క చెయ్యే ఖాళీగా ఉంది. రెండో చెయ్యి వదిలించుకోవచ్చుగా? వదలొద్దని నేర్పారు. ఎవరు నేర్పారు?

సభంతా గవరయ్య వంక చూసింది.

దొంగ దొరికాడు, ఉరి తియ్యండి, కూర వడ్డించండి అన్నాడు రాజు. గవరయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడనుకున్నారా? అబ్బే. అవును దొరా, ఆ మాట నేర్పి నేనే చంపుకున్నాను, తొందరగా కానివ్వండి అన్నాడు. చూశారా, ఆ ముల్లు ఎన్నాళ్ళ నుంచి లోపలుందో! తన మీద తను చెప్పుకోలేక ఏటి మీద చెప్పడానికి వచ్చాడు పిచ్చివాడు. ఊ కొట్టవేం చంటీ? నిద్రపోతున్నావా, ఏడుస్తున్నావా? ఆగు, మంచి వస్తోంది.

అప్పుడు పంతులు వెనకే వచ్చిన ఊరి జనంలోంచి, చంకలో పసిపిల్లతో రావులమ్మ ముందుకొచ్చింది. లెక్క సగంలో ఆపేశారేం మహారాజా అని నిలదీసింది. పైడయ్య చెయ్యెందుకు వదల్లేదు, పంతులు నేర్పాడు గనక. నేనెందుకు బతికాను, పంతులు నేర్పాడు గనక. ఈ పిల్లెందుకు పుట్టింది, పంతులు నేర్పాడు గనక. ఆ చావు ఈయనదైతే ఈ బతుకులూ ఈయనవే కదా అంది.

తర్వాత గవరయ్య వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వు తలుపు తియ్యలేదు, లేకపోతే ఎప్పుడో చెప్పేదాన్ని. నన్నొదిలేసి నువ్వెళ్ళు అన్నయ్యా అని నేనే మొత్తుకున్నాను. నేనెవరి శిష్యుణ్ణనుకున్నావు, నోరు మూసుకుని గట్టిగా పట్టుకో అన్నాడు. అంత గొప్పగా చెప్పుకున్నాడు నీ గురించి."

గవరయ్య అక్కడే కూలబడి బావురుమన్నాడు. రావులమ్మ ఊరుకుందా? నువ్వు చేసిన తప్పు ఒకటుంది బాబాయ్ అంది. పట్టుకున్నవాడికి ఈత వస్తే చాలనుకున్నావు, ఆడవాళ్ళకెందుకులే అని మమ్మల్ని గట్టు మీదే ఉంచావు. నాకూ ఈతొచ్చుంటే ఇద్దరం ఒడ్డెక్కేవాళ్ళం. ఇంట్లో కూర్చుని ఏడ్చింది చాలు, లేచి మాకు నేర్పు.

రాజుగారికి ఆ మాట నచ్చింది, ఆకలీ వేస్తోంది. ఊళ్ళో ఆడా మగా అందరికీ ఈత నేర్పడమే నీకు శిక్ష అని తేల్చేసి భోజనానికి పరిగెత్తాడు.

వేసవంతా నేర్పాడు గవరయ్య. అత్తలు ముక్కున వేలేసుకున్నారు. కోడళ్ళు కాసె బిగించి దూకారు. ఆ కోడళ్ళు ఈదుతుంటే చూడలేక అత్తలూ దూకారు! శ్రావణం వచ్చింది, ఏరు పొంగింది, పడవ మళ్ళీ తిరగబడింది. గవరయ్య మీసం మీద చెయ్యేసుకుని గట్టున నిలబడ్డాడు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అందరూ ఈదుకుంటూ వచ్చేశారు, ఒక్క తల తగ్గలేదు. చూశావురా పైడయ్యా, అందరూ నీ చెల్లెళ్ళే, నీ తమ్ముళ్ళేరా అని ఏటికి వినపడేలా అరిచాడు.

అంచేత పోయినవాళ్ళ కోసం ఏడవండి, తప్పులేదు. వాళ్ళకి నేర్పిన విద్యని మాత్రం అటకెక్కించకండి. రేపు ఇద్దర్నీ కాలవకి తీసుకెళ్తాను. ఏవిటే, ఆడపిల్లవా? అయితే ముందు నువ్వే దూకాలి. కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లో దూరదాం.