తల లేని వెండి వరుస

రాజుగారికి పిచ్చి పట్టాలే గానీ, అది మామూలు పిచ్చయి ఊరుకుంటుందా! కోనమల్లం రాజు చిత్రభానుడికి వెండి దిమ్మెల పిచ్చి పట్టింది. అవీ ఏవో దిమ్మెలు కావు. ఆయన తాతగారు టంకశాల తెరిచి పోయించినవి. ఒక్కోదాని మీద సింహం ముద్ర, దాని కింద వరుస అంకె. తాతగారు చేతికి ఎముక లేని మనిషి, అడిగినవాడికల్లా ఒకటి ఇచ్చేశాడు. మనవడేమో వాటిని ఊరూరా వెతికించి, రెట్టింపు వెండి పోసి కొని, కొలువులో పట్టుగుడ్డ మీద వరుసగా పేర్పించాడు.

రెండు నుంచి నూట ఎనిమిది దాకా అన్నీ దొరికాయి. ఒకటో అంకె దిమ్మె మాత్రం దొరకలేదు.

ఇంకేముంది, రాజుగారికి అన్నం సయించదు, పాట రుచించదు.

"తల లేని మొండెంలా ఉందిరా బుచ్చెన్నా నా వరుస!" అని రోజూ ఒకటే గోల.

బుచ్చెన్న రాజుగారి పక్కనే ఉండి తాంబూలం చుట్టి అందించేవాడు. చేతికంటే నోరు చురుకు. అందుకే రాజుకు వాడంటే ముద్దు, మిగతా కొలువుకు వాడంటే మంట.

ఆ మంట అందరికంటే ఎక్కువ ఉన్నది కుబేరదాసుకు. ఆయన ఆస్థాన రత్నపరీక్షకుడు. పది వేళ్ళకు పన్నెండు ఉంగరాలు. తనకు తెలియనిది లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం.

ఒకనాడు ఆయన కొలువులోకి ఊగుతూ వచ్చి, పట్టుమూట విప్పి, వెండి దిమ్మె ఒకటి రాజు ముందు పెట్టాడు. సింహం ముద్ర ఉంది. కింద ఒకటో అంకె ఉంది.

"రేవుపట్నంలో ఒక వర్తకుడి దగ్గర పట్టాను ప్రభూ! వాడికి అమ్మింది ఎవరనుకున్నారు? మన బొక్కసం కాపలాదారు రంగమన్న! ఆ సొమ్ముతోనే మనవరాలికి వెండి కడియాలు చేయిస్తానని ఊరంతా చెప్పుకుంటున్నాడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలి రంగమన్న అక్కడే కూలబడ్డాడు. "అయ్యా! ఆ కడియాల కోసం నేనూ నా ముసల్దీ ఏడాదిగా ఒక పూటే తింటున్నాం. మీ తాతగారి ఉప్పు తిన్నవాణ్ణి, దొంగతనం చేస్తానా?" అని భోరుమన్నాడు.

రాజు చెవికెక్కితేనా! ఆయన కళ్ళన్నీ ఆ దిమ్మె మీదే ఉన్నాయి. "రంగమన్నను ఇంటిల్లిపాదితో సహా పొలిమేర దాటించండి. కుబేరదాసూ, నీకేం బహుమానం కావాలో కోరుకో" అన్నాడు.

బుచ్చెన్నకు కోపం ముంచుకొచ్చింది. చిన్నప్పుడు తండ్రి పోతే వాడికి అన్నం పెట్టింది ఆ రంగమన్నే. పైగా ఆ పొద్దున అమ్మవారికి తాంబూలం పెట్టడానికి రాజుగారి పూజగదికి వెళ్ళినప్పుడు, అక్కడ వాడి కంట ఒకటి పడింది. అయినా మొహాన నవ్వు పులుముకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఇంత గొప్పవారికి ఇంతని చెప్పి ఇస్తే ఏం బాగుంటుంది? రూకలు రాశి పోయించండి. నేను ఈ తాంబూలం నమలడం అయ్యేలోగా, పైకి లెక్కపెడుతూ ఎన్ని మానికలు కొలుచుకుంటే అన్నీ ఆయనవే. ఆ తరవాతే రంగమన్నను పంపిద్దాం, వాడు కూడా చూసి ఏడుస్తాడు."

రాజుకు నచ్చింది. కుబేరదాసుకు ఇంకా నచ్చింది. రూకలు గలగలా రాశి పోశారు. బుచ్చెన్న తాంబూలం బుగ్గన పెట్టడమేమిటి, కుబేరదాసు ఉత్తరీయం నడుముకు బిగించి మానిక ముంచడమేమిటి!

"లాభం!... రెండు!... మూడు!..."

"ఆగండాగండి! మొదటి మానికను ఒకటి అనలేదేం దాసుగారూ?" అన్నాడు బుచ్చెన్న.

కుబేరదాసుకు ఒళ్ళు మండింది. "ఆకులు చుట్టేవాడివి, నీకేం తెలుసురా కొలత మర్యాద! కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అంటారా ఎవరైనా? అరిష్టం! లాభం అనాలి, తరవాత రెండు అనాలి. మా ఇంటి పాలేరు కూడా ఆ తప్పు చేయడు!"

బుచ్చెన్న రాజు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"మరి పాలేరు కూడా చేయని తప్పు, టంకశాల తెరిచిన పెద్ద మహారాజు చేశారంటారా ప్రభూ?"

కుబేరదాసు చేతిలోని మానిక ఠంగున కింద పడింది.

"అంటే... అసలు మొదటి దిమ్మె మీద ఒకటి ఉండదా?" అన్నాడు రాజు.

"తమరు రోజూ దణ్ణం పెట్టుకునే లక్ష్మీదేవి కింద పీట తెప్పించండి. పొద్దున చూశాను, పొడవూ వెడల్పూ అచ్చం వీటిలాగే ఉంది."

తెచ్చారు. ఏళ్ళ తరబడి పేరుకున్న పసుపూ కుంకుమా రాజే స్వయంగా కడిగాడు. సింహం తేలింది. దాని కింద అంకె లేదు, తాతగారి ముద్దులొలికే అక్షరాల్లో "లాభం" అని ఉంది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానురా!" అని రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయి, సింహాసనం దిగివచ్చి రంగమన్నను లేవదీశాడు. "తప్పు నాది, మన్నించు పెద్దాయనా" అన్నాడు. ముసలాయన రాజు చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

కుబేరదాసు కాళ్ళ మీద పడ్డాడు. దొంగ దిమ్మె పోయించినందుకు ఆయన ఉంగరాలన్నీ బొక్కసానికి చేరాయి. పొలిమేర కూడా ఆయనే దాటాడు.

"ఈ దొంగ దిమ్మెను ఏం చేద్దాంరా?" అన్నాడు రాజు.

"కరిగించి రంగమన్న మనవరాలికి కడియాలు చేయించండి ప్రభూ! నింద ఎటూ పడింది, కడియాలైనా పడనివ్వండి."

"భేష్! మరి నీకేం కావాలి?"

బుచ్చెన్న బుగ్గన ఉన్నదాన్ని ఇటు నుంచి అటు మార్చి, రూకల రాశి చూపించాడు.

"నా తాంబూలం ఇంకా అవలేదు ప్రభూ. రంగమన్నను కొలుచుకోమనండి!"

మొదటి మానిక రాజే స్వయంగా ముంచి ముసలాయనకు ఇచ్చాడు. "లాభం!" అని కొలువంతా ఒక్కసారిగా అరిచింది. బుచ్చెన్న మాత్రం గోడకు చేరగిలబడి, నెమరేసే గేదెలా తీరిగ్గా, అతి తీరిగ్గా నములుతూ కూర్చున్నాడు.