రంగులు తాగిన నడకబండి

ఊఁ కొడతావా మరి? నీ ఊఁ ఆగితే నా కథ కూడా ఆగిపోతుంది, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం ఒడ్డున, ఒక నడకబండి ఉండేది. మూడు చెక్క చక్రాలు, పిల్లలు పట్టుకుని తోయడానికి ఒక అడ్డకర్ర, అంతే. ఊరంతటికీ అదొక్కటే బండి. ఎవరింట్లో పిల్ల లేచి నిలబడితే వాళ్ళింటికి వచ్చేది. ఆ పిల్ల నడక నేర్చాక, పడవకి వేయగా మిగిలిన రంగుతో బండికి ఒక పూత పూసి, తర్వాతి ఇంటికి ఇచ్చేవారు. అది వాళ్ళ ఆచారం. పాత రంగు తీయాలన్న ఊసు మాత్రం ఎవరికీ లేదు. పచ్చ మీద ఎరుపు, ఎరుపు మీద నీలం, నీలం మీద పసుపు. అలా రంగులు తాగి తాగి బండి బాగా బలిసింది.

అప్పుడు ఆ బండి కాసులమ్మ ఇంటికి వచ్చింది. కాసులమ్మకి మంగ అని ఒక్కతే కూతురు. ఏడాదిన్నర దాటినా నిలబడడమే గానీ అడుగు వేయదు. తోటి పిల్లలు ఇసకలో పరుగులు పెడుతుంటే గుమ్మం పట్టుకుని చూస్తూ ఉండేది. అది చూసినప్పుడల్లా తల్లి గుండె కలుక్కుమనేది.

మంగని బండి దగ్గర నిలబెట్టారు. తోసింది, బండి కదల్లేదు. మళ్ళీ తోసింది, కదల్లేదు. మూడోసారి తోసి, చతికిలబడి ఏడ్చింది.

ఊరికంతటికీ పెద్దది పోలమ్మ మామ్మ. నోట్లో ఒక్క పన్ను లేదు గానీ మాట మాత్రం పదును. "పిల్ల కాళ్ళల్లో సత్తువ లేదే కాసులూ. ఇది నడవదు," అనేసింది. ఆవిడ ఒకటంటే ఊరు పది అంటుంది. సాయంత్రానికల్లా మంగవి చచ్చుకాళ్ళన్న మాట వీధి వీధంతా పాకింది.

కాసులమ్మ ఏడవలేదు. బండిని తిరగేసి చక్రం తిప్పబోయింది. తన చేతికే తిరగలేదు. రంగు కారి కారి చక్రమూ ఇరుసూ ఒకటైపోయాయి.

"తప్పు నా కూతురి కాళ్ళది కాదు మామ్మా, ఈ బండిది. రంగు ఊడదీసి చూపిస్తాను," అంది.

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందంట. ఊరి పిల్లల రంగులు ఊడదీస్తావా? అరిష్టమే," అంది మామ్మ. "సరే, తియ్యి. బండి కదిలి పిల్ల కదలకపోతే అప్పుడేటంటావు?"

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. అయినా కాసులమ్మ కొంగు బిగించింది.

మొదట నిమ్మచెక్కకి ఉప్పు అద్ది రుద్దింది. ఇత్తడి చెంబుకి పనికొచ్చింది బండికి రాదా అనుకుంది. జిడ్డు పోయి, రంగు ఇంకా నిగనిగలాడింది. పెళ్ళికూతుర్ని చేశావని వీధిలో వాళ్ళు నవ్వారు.

ఆ తర్వాత ఆలోచించింది. ఒకసారి మొగుడి గళ్ళలుంగీని చాకలిసోడాలో నానబెట్టి మరిచిపోతే గళ్ళన్నీ వెలిసిపోయాయి. గుడ్డ రంగు తిన్నది చెక్క రంగు తినదా? చాకలిసోడా, గోడలకి కొట్టే సున్నం గంజిలో కలిపి ముద్ద చేసింది. అది చర్మం మీద పడితే కాలుస్తుంది తల్లీ, నువ్వెప్పుడూ ముట్టకూడదు సుమా. అందుకే మంగని పక్కింట్లో ఉంచి, పుల్లకి గుడ్డ చుట్టి, దాంతోనే బండికి పూసి ఎండలో పెట్టింది. మధ్యాహ్నానికి ముద్ద ఎండి పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. రంగు చెక్కుచెదరలేదు.

అప్పుడు కాసులమ్మకి కొంచెం భయం వేసింది. గడప మీద కూలబడి తన చేతులు చూసుకుంది. ఆషాఢం కదా, అరచేతిలో గోరింటాకు చందమామ ఎర్రగా పండింది. చిటికెనవేలిది మాత్రం పేలవంగా ఉంది. అక్కడ ఆకుముద్ద తొందరగా ఎండి రాలిపోయింది మరి. తడి ఉన్నంతసేపే గోరింటాకు పని చేస్తుంది. కాసులమ్మ చటుక్కున లేచింది.

ఈసారి ముద్ద మందంగా పట్టించింది. పైన అరిటాకు చుట్టి, తడిగోనె కప్పి, నీడలో పెట్టింది. తెల్లారి విప్పి చూస్తే రంగు పాల మీద మీగడలా ముడతలు పడి ఉంది. కత్తి పెడితే చెక్కకి గాయమవుతుందని కొబ్బరిచిప్పతో గీకింది. పసుపు పోయింది, కింద నీలం. మళ్ళీ పూసింది, మళ్ళీ కప్పింది. నీలం పోయింది, ఎరుపు పోయింది, ఇలా రోజుకో పొర పోయి పోయి, చివరికి అట్టడుగు పచ్చ కూడా పోయి చెక్క బయటపడింది. ఆ తర్వాత బాగా కడిగి, సోడా ఘాటు విరగడానికి పులిసిన మజ్జిగతో తుడిచి, మళ్ళీ కడిగి ఆరబెట్టి, కొబ్బరినూనె రాసింది. వేలితో తాకితే చక్రం గిర్రున తిరిగింది.

వీధంతా పోగైంది. పోలమ్మ మామ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, బండి ముందు కూర్చుని, అడ్డకర్ర తడిమింది. ఒకచోట ఆమె వేళ్ళు ఆగిపోయాయి. చెక్కలో చిన్న చిన్న గాట్లు.

"ఇవేటే కాసులూ?"

"పళ్ళగాట్లు మామ్మా. ఎవరో పిల్ల కొరికింది. అసలు రంగే వేయనప్పుడు తోసిన పిల్ల."

మామ్మ ఒక్కో గాటునీ మళ్ళీ వేలితో తడిమింది. ఆ తర్వాత మెల్లగా అంది. "ఈ బండి మా అయ్య చేసినాడే, నా కోసం. రెండేళ్ళు నిండినా నేను అడుగెయ్యలేదంట. మా అమ్మ చెప్పేది, మర్చిపోయినాను. ఇవి నా పళ్ళే."

బోసినోరు తెరిచి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రాయే మంగా, మన బండి తోద్దువు రా," అని తనే పిలిచింది.

మంగ పాకుతూ వచ్చి, లేచి అడ్డకర్ర పట్టుకుంది. ముందు మామ్మ గాట్ల పక్కనే కసుక్కున ఒక గాటు పెట్టింది. అప్పుడు తోసింది. బండి కదిలింది. ఒక అడుగు వేసింది, రెండో అడుగు వేసింది, మూడో అడుగుకి ఇక ఆగలేదు. బండి వెనక మంగ, మంగ వెనక మామ్మ. కాసులమ్మ అప్పుడు ఏడ్చింది, కడుపునిండా.

ఆ తర్వాత ఆ ఊళ్ళో బండికి ఎవరూ రంగు వేయలేదు. నూనె రాసి ఇచ్చేవారు. గాటు మాత్రం ఏ పిల్లకా పిల్ల తన పళ్ళతో పెట్టుకునేది.

కథేమో కంచికి,
బండేమో పొరుగింటికి,
నడకేమో మంగ కాలికి,
నిదరేమో నీ కంటికి.