ప్రోగ్రాం ఏమడిగింది

ఎవరు ఏ ప్రశ్న వేసినా ముందు భోజనానికి రమ్మనడం నరసింహమూర్తి మాస్టారి అలవాటు. శ్రీకాకుళం దగ్గర ఒక ధర్మాసుపత్రిలో కంప్యూటర్లు చూసేది ఆయనే. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇందుమతికి ఆ రోజు అన్నం మీద ధ్యాస లేదు.

గొంతు ఆపరేషనై మాట పోయినవాళ్లు టైపు చేసింది పైకి చదివే ప్రోగ్రాం ఒకటి అక్కడ ఉంది. విండోస్ కోసం రాసినది. రాసినాయన కాలం చేశాడు. పాత కంప్యూటరు పాడై లినక్స్‌ది వచ్చింది. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్ మీద నడిపే మధ్యవర్తి సాఫ్ట్‌వేరు పెట్టినా, ఆ ప్రోగ్రాం ఇలా తెరుచుకుని అలా మూసుకుపోతోంది. అలా మాట పోయిన లోకనాథం గారు తొమ్మిది రోజులుగా భార్యతో ఒక్క మాట చెప్పలేకపోయారు. ఆవిడకు చదువు రాదు, రాసిచ్చినా లాభం లేదు.

"దీన్ని లినక్స్ ప్రోగ్రాంగా ఎలా మార్చాలి, మాస్టారూ?" అంది ఇందుమతి.

ఆయన ఆమెను వంటశాల గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. లోపల ఒక ఒడియా ముసలమ్మ విస్తరి ముందు కూర్చుని పొఖాళొ, పొఖాళొ అంటోంది. రెండు రోజులుగా ఏమీ తినలేదట. వంటచేసే తౌడమ్మ వేడన్నం పెడితే పక్కకు నెట్టింది. మజ్జిగ కలిపి ఇచ్చినా నెట్టింది. తౌడమ్మ విసుక్కోలేదు. ఎదురుగా చతికిలబడి ఆ చేతులవంక చూసింది. ముసలమ్మ అన్నంలో నీళ్లు పోసినట్టు, మూత పెట్టినట్టు చూపించింది. తౌడమ్మ లేచి, ముందురోజు నీళ్లు పోసి ఉంచిన చద్దన్నం తెచ్చింది. ముసలమ్మ పొఖాళొ అంటూ గిన్నె ఖాళీ చేసింది.

నీకు ఒడియా ఎప్పుడొచ్చిందని మాస్టారు అడిగారు.

"నాకేటి రాదు బాబూ. ఆవిడ అడిగిందేటో చూసినాను, అంతే."

ఇందుమతికి ఏమీ బోధపడలేదు. తన ప్రశ్నకూ చద్దన్నానికీ ఏం సంబంధమో తెలియక చిరాకుపడుతూనే వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. ఈసారి ప్రోగ్రాంను మార్చే జోలికి పోలేదు. ఆగిపోయేముందు అది ఏమేమి అడుగుతోందో వరసగా కాగితం మీద రాసుకుంది. చివరి వరసలో, పైకి చదివే తెలుగు గొంతు ఉన్న ఫోల్డరును పాత కంప్యూటర్లోని పేరుతో అడుగుతోంది. కొత్తదాంట్లో ఆ ఫోల్డరు ఉంది, పేరే వేరు. ఆ పాత పేరు పెట్టి దాన్ని అందించింది.

సాయంత్రం లోకనాథం గారు మెల్లగా టైపు చేశారు. "వేళకి తింటున్నావా?" అంది కంప్యూటరు. ఆయన భార్య ఇటూ అటూ చూసి, భర్త మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇందుమతికి అయోమయం తీరలేదు. ఇప్పుడిది విండోస్ ప్రోగ్రామా, లినక్స్ ప్రోగ్రామా అని మాస్టారిని గుసగుసగా అడిగింది.

"వాళ్లు మాట్లాడుకుంటున్నారమ్మా," అన్నారాయన. "మనం బయటికి పోదాం."