రాయలింగు అరుగు: పలకరింపు చెరువు కథ

ఇప్పలపెల్లిలో బస్సు దిగి, మిరప చేల నడుమ దారి పట్టుకొని కొంతదూరం నడిస్తే ఎదురుగా ఎత్తయిన కట్ట కనిపిస్తుంది. కట్ట ఎక్కితే అవతలి గుట్టల పాదాల దాకా పరుచుకున్న నీరు కళ్లబడుతుంది. ప్రభుత్వం వారు పెట్టిన బోర్డు మీద ‘పెద్దచెరువు విహార కేంద్రం’ అని ఉంది గానీ, ఆ పేరు చెప్పి దారి అడిగితే ఆటో నడిపేవాడు కూడా తెల్లమొహం వేస్తాడు. పలకరింపు చెరువు అని అడగాలి.

ఆదివారాల్లో ఇక్కడ ఇసుక వేస్తే రాలదు. హంస బొమ్మల తొక్కుడు పడవలు, పిల్లల ఉయ్యాలలు, మక్క కంకులు కాల్చే బండ్లు, చేపల వేపుడు వాసన, కట్ట పొడుగునా నడకకు వచ్చినవాళ్లు. పడవ ఎక్కబోయే ప్రతివారినీ టికెట్టు చింపే మనిషి “తిన్నవా?” అని అడుగుతాడు. కొత్తగా వచ్చినవారు ఇదేదో హోటల్ బేరం కాబోలని బెదురుతారు. అడిగినదానికి జవాబు చెప్పి, తిరిగి అతన్ని కూడా అదే మాట అడిగేవరకు అతడు పడవ తాడు విప్పడు. తొందరపడి లాభం లేదు.

కట్ట నడుమ పాత తూముకు చెందిన రెండు రాతి స్తంభాలు నిలిచి ఉన్నాయి. వాటి పక్కన కప్పు లేని చిన్న గుడి, గుడిలో ఒక మనిషి విగ్రహం. కిరీటం లేదు, ఆయుధం లేదు. ఒళ్లో సద్దిమూట, నోటి దాకా వెళ్లి ఆగిన చెయ్యి, ఎవరో పిలిచినట్టు ఊరివైపు తిరిగిన ముఖం. ఆ గుడి ముందున్న నల్లరాతి పలకనే రాయలింగు అరుగు అంటారు. ఈ చెరువుకు ఆ పేరు, ఈ స్వామికి ఆ రూపం, ఆ అరుగుకు ఆ మర్యాద ఎలా వచ్చాయో తెలుసుకోగోరే భక్తుల కోసం పెద్దలు చెప్పిన కథను ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ రాయలింగు అనే నీరటి ఉండేవాడు. చెరువును కావలి కాస్తూ, తూము తెరచి మూస్తూ, నీటిని మడిమడికీ పంచేవాడినే నీరటి అంటారు. నీళ్లు వదిలే రోజున ఈ ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. నీరటి ఉపవాసంతో, ఎవరితోనూ పలకకుండా ఇల్లు వదలాలి. దారిలో ఎవరూ అతన్ని పలకరించకూడదు. తూము తెరచి ఇంటికి వచ్చాక గడపలో ఇంటిమనిషి “బువ్వ తిన్నవా?” అని అడగాలి. అప్పుడే అతని మౌనం విడుతుంది. అడగకముందే అతడు నోరు తెరిస్తే, వదిలిన నీరు చివరి మడికి చేరకుండా నడుమ ఇంకిపోతుందని నమ్మకం. వీటిని మూగనీళ్లు అనేవారు.

రాయలింగును అడిగే ఇంటిమనిషి అతని భార్య కొమురవ్వ. పొద్దున లేచిన దగ్గర్నుంచి అతడు పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదని ఆమెకు తెలుసు. తెలిసే, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, “ఏమయ్యా, బువ్వ తిన్నవా?” అని అడిగేది. “ఇంకా తినలే” అనేవాడు అతడు. ఆ మాట విని ఇద్దరూ నవ్వుకునేవారు. వారికి పిల్లలు లేరు. ఆ నవ్వుతోనే ఆ ఇల్లు నిండుగా ఉండేది.

ఒక కార్తీకంలో కొమురవ్వకు జ్వరం తగిలింది. ఊరి మందులేవీ పనిచేయలేదు. ఆమె పోయింది. ఊరంతా వచ్చి ఏడ్చారు, దినం దాకా అన్నీ దగ్గరుండి జరిపించారు. తర్వాత ఎవరి పనుల్లో వారు పడ్డారు. అందులో తప్పేమీ లేదు, లోకమంతటా జరిగేదే.

పుష్యమాసంలో యాసంగి నాట్లకు నీళ్లు వదిలే రోజు వచ్చింది. రాయలింగు తెల్లవారగానే లేచి, అలవాటు ప్రకారం మౌనంగా వెళ్లి తూము తెరిచాడు. నీరు కాలువలోకి దూకింది. అలవాటు ప్రకారమే ఇంటికి వచ్చి గడప ముందు నిలబడ్డాడు. పొద్దున తాను వేసిన తలుపు వేసినట్టే ఉంది. అప్పుడు తట్టింది అతనికి, అడిగేవారు లేరని.

ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అతడు అక్కడే నిలబడ్డాడు. వాడకట్టు వారు చూశారు. ఇరుగింటామె రెండడుగులు ముందుకు వేసింది కూడా. ఇంటిమనిషి అడగాల్సిన మాట పైవాళ్లం ఎలా అడుగుతామని ఆమె మొగుడు కొంగు పట్టి ఆపాడు. కులపెద్దలు అడుగుతారని ఊరు అనుకుంది, ఊరిపెద్ద అడుగుతాడని కులపెద్దలు అనుకున్నారు, దగ్గరి చుట్టాలెవరైనా రాకపోతారా అని ఊరిపెద్ద అనుకున్నాడు. రాయలింగు మాత్రం చివరి మడి రైతుల ముఖాలు తలుచుకున్నాడు. తాను ఒక్క మాట అంటే వాళ్ల నారు ఎండిపోతుంది. కోతలయ్యేదాకా ఓర్చుకుందామని, మూసిన తలుపు చూడలేక వెనక్కి తిరిగి తూము దగ్గరికి వెళ్లి, అక్కడే ఉండిపోయాడు.

ఆ ఏడు పంట విరగబడి పండింది. చివరి మడిలో సైతం ధాన్యం రాసులు పడ్డాయి. ఇదంతా రాయలింగు మౌనం మహిమేనని ఎవరో అన్నారు. పాలిచ్చే బర్రెను ఎవరు బెదరగొడతారు? కోతలయ్యాక కూడా ఎవరూ అతన్ని పలకరించలేదు, అడగకముందే నోరు తెరిస్తే రాబోయే నీళ్లకు కీడని అతడూ మాట్లాడలేదు. మరుసటి ఏడు మళ్లీ మూగనీళ్లు వదిలాడు, మళ్లీ పండింది. ఎదురుపడితే జనం పక్కకు తొలగి చేతులు జోడించేవారు. అతని భాగం ధాన్యం తెచ్చి, చప్పుడు చేయకుండా తూము దగ్గర పెట్టి వెళ్లేవారు. పిల్లలు కట్ట మీద గోల చేస్తే తల్లులు నోరు మూసి లాక్కుపోయేవారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు, తాము అడగలేదు సరే, అడగబోయిన పిల్లల్నీ అడగనివ్వలేదు.

ఏళ్లు గడిచాయి. కట్ట మీద అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, రాయలింగు ముఖం ఊరివైపు తిరిగేది. ఈ వచ్చేవారు అడుగుతారేమో అని ఎదురుచూసేవాడు. ఆ అడుగులు దగ్గరికి వచ్చి, మెల్లబడి, దూరమయ్యేవి. ఒంటరిగా ఉన్నప్పుడు అతడు నీటి అంచున కూర్చొని, గొంతు కలపకుండా పెదవులు మాత్రం కదిపి “ఇంకా తినలే” అనుకునేవాడు. అడిగిన రోజున జవాబు మరచిపోతానేమోనని అతని భయం. కొమురవ్వ ముఖం బాగానే గుర్తుంది. ఆమె గొంతు మాత్రం రానురాను చెదిరిపోతున్నది. అది అతనికి అన్నిటికన్నా పెద్ద దుఃఖం.

అటువంటి కాలంలో, గ్రామదేవతకు పూజ చేసే కుమ్మరి సారయ్యకు చెరువులోని గంగమ్మ కలలో కనిపించింది. నా కట్ట మీద ఒకరు ఆకలితో ఉన్నారు, ఆ ఆకలి తీర్చండి, అది తీరేదాకా నా నీటికి కళ ఉండదు అని చెప్పి మాయమైంది. సారయ్య ఉలిక్కిపడి లేచి, తెల్లవారగానే ఊరిని కూడగట్టాడు. కట్ట మీద ఉన్నది రాయలింగే కదా అన్నారు అందరూ. అంతవరకు సరిగానే అర్థమైంది వారికి.

ఆ రోజు నుంచి వంతులు వేసుకొని బోనం వండి తెచ్చారు. పప్పు, పులుసు, బెల్లపన్నం, జొన్నరొట్టె, ఎవరికి కలిగింది వారు. అతని కాళ్లకు పసుపు రాశారు. విస్తరి ముందు పెట్టి, దండం పెట్టి, వీపు చూపకుండా వెనక్కి నడిచి వెళ్లిపోయారు. బతికుండగానే మనిషిని దేవుణ్ణి చేశారు. దేవుడి దగ్గర ఎవరు కూర్చొని కబుర్లు చెబుతారు? రాయలింగు ముందు ఏ రోజు విస్తరి ఆ రోజు ఆవిర్లు కక్కి చల్లారేది. ముద్ద కలిపి, ఎత్తి, నోటి దాకా తెచ్చి, అక్కడే ఆపి ఊరివైపు చూసేవాడు. బతకడానికి సరిపడా రెండు ముద్దలు మింగి, మిగిలినదంతా చేపలకు వేసేవాడు. చేపలు బలిసినాయి, అతడు మాత్రం చిక్కిపోయాడు.

ఒక మిట్టమధ్యాహ్నం పొరుగు సీమ నుంచి పూసల దుర్గవ్వ ఆ దారిన వచ్చింది. నెత్తి మీద గంప, గంపలో పూసలు, సూదులు, దువ్వెనలు. ఊరి కట్టుబాట్లు ఆమెకు తెలియవు. నీళ్లు తాగుదామని కట్ట ఎక్కి, నిండు విస్తరి ముందు పెట్టుకొని ముద్ద చేత్తో పట్టుకొని ఊరివైపు చూస్తున్న మనిషిని చూసింది. గంప దించి, నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

“ఏం తమ్మీ, బువ్వ తిన్నవా?”

రాయలింగు చేతిలోని ముద్ద కిందపడింది. కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. ఆమె తన ఇంటిమనిషి కాదే, జవాబు చెప్పవచ్చునా అని ఒక్క క్షణం తడబడ్డాడు. అడిగినామె మరి ఇంటిమనిషి కాక ఇంకెవరని అతని మనసే సమాధానం చెప్పింది. నోరు తెరిచాడు. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. ఎంతో ప్రయత్నం మీద, తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు, మాట బయటికి వచ్చింది.

“ఇంకా తినలే అక్కా.”

ఎదురుగా ఇంత అన్నం పెట్టుకొని తినలేదంటావేమిటని ఆమె నవ్వలేదు. పక్కన చతికిలబడింది. కాసేపటికి అతడు తేరుకొని, నువ్వు తిన్నవా అని అడిగాడు. దుర్గవ్వ గంపలోని పూసలు సర్దింది.

“ఊరూరు తిరుగుత తమ్మీ. పూసలెంతకని అడుగుతరు, సూదులెంతకని అడుగుతరు. నన్ను ఈ మాట అడిగినోళ్లు లేరు” అంది.

ఇద్దరూ ఒకే విస్తరిలో తిన్నారు. ఆనాడు రాయలింగు కడుపునిండా తిన్నాడు. తర్వాత కొమురవ్వ గురించి మాట్లాడాడు. ఆమె కొంగు నోటికి ఎలా అడ్డం పెట్టుకునేదో, ఎలా అడిగేదో ఆ గొంతుతోనే అడిగి చూపాడు. పోయిందనుకున్న ఆమె గొంతు అతని నోటి నుంచే మళ్లీ వచ్చింది. చెప్తూ ఏడ్చాడు, చెప్తూ నవ్వాడు. సాయంత్రం బోనంతో వచ్చిన సారయ్య, ఊరివారు కట్ట కిందే ఆగిపోయి అదంతా విన్నారు. ఇన్నేళ్లూ అడగకుండా ఉన్నదెవరని అక్కడే చర్చ వస్తే, అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం అన్నట్టయింది. ఊరిపెద్ద ముందుకు వచ్చి, తప్పయిందని అతని కాళ్లు పట్టుకోబోయాడు. రాయలింగు కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

“దండాలు శానా పెట్టిండ్రు. ఒక్కరన్న దగ్గర కూసోలే” అన్నాడు.

ఊరు తల వంచుకుంది. ఆ ఏడు కూడా నీరు చివరి మడికి చేరింది. మౌనానికీ నీటికీ ఏ సంబంధమూ లేదని అందరికీ తెలిసింది. తెలిసేసరికి ఒక మనిషి నడివయసంతా కరిగిపోయింది. మూగనీళ్ల కట్టుబాటును ఆనాటితో ఎత్తివేశారు.

అంతకుముందు ఈ చెరువుకు పని ఉంటేనే వచ్చేవారు. రాయలింగుకు తోడుగా కూర్చోవాలని, పని లేకున్నా సాయంత్రాలు సద్దిమూటలతో రావడం ఆనాడే మొదలైంది. పిల్లలు కట్ట మీద ఆడుకున్నారు, మీద పడి అల్లరి చేసినా అతడు వద్దనలేదు. తర్వాతి కాలంలో వచ్చిన పడవలకూ ఉయ్యాలలకూ మూలం ఆ సద్దిమూటలే. కొన్నాళ్లకు రాయలింగు ఆ తూము దగ్గరే కన్నుమూశాడు. ఆ ఎండాకాలం చెరువు తగ్గినప్పుడు బర్రెలు కాసేవారికి తూము పక్క బండలో ఈ రూపం కనిపించింది. చెక్కినవారెవరో ఎవరికీ తెలియదు, ఆ బండను కట్ట మీదికి చేర్చి గుడి కట్టారు. దుర్గవ్వ రూపంలో వచ్చింది గంగమ్మేనని ఊరివారు చెబుతారు. పూసలవారు మాత్రం ఒప్పుకోరు, ఆమె తమ ఇంటి ఆడబిడ్డేనని, ఆ తర్వాత ప్రతి ఏడూ ఈ ఊరికి వచ్చి తమ్ముడి దగ్గర తిని వెళ్లేదని అంటారు.

ఇప్పటికీ ఈ స్వామికి కొబ్బరికాయ కొట్టరు, ముడుపు కట్టరు. ఎదుట నిలబడి “తిన్నవా?” అని అడుగుతారు. తర్వాత కట్ట మీద ముక్కూమొహం తెలియని ఒక్కరినైనా అదే మాట అడిగి, జవాబు వినేదాకా ఆగాలి. అడిగి వినకుండా పోతే ఫలితం లేదు. ఇలా చేసినవారి ఇంట అన్నానికీ మాటకూ కరువుండదని పెద్దల వాక్కు.

రాయలింగు అరుగు సంగతి వేరు, అతడు ఏళ్ల తరబడి కూర్చొని ఎదురుచూసిన రాయి అదే. దాని మీద కూర్చున్నవారు తమను అడగమని కోరుతున్నట్టు లెక్క. కారణం ఎవరూ అడగరు. ఆదివారం సందడిలో ఆ అరుగు ఖాళీగానే ఉంటుంది. సోమవారం మధ్యాహ్నం వచ్చి చూడండి. పడవలన్నీ కట్టేసి ఉంటాయి, కంకుల బండ్లు ఉండవు. అప్పుడు ఒక్కొక్కరే వస్తారు. రిటైరైన మాస్టార్లు, హాస్టల్లో ఉండే అమ్మాయిలు, భార్యను పోగొట్టుకున్నవారు, నిండు సంసారం ఉండి కూడా వచ్చేవారు. పడవ ఎక్కరు. అరుగు మీద కాసేపు కూర్చొని, ఎవరైనా అడిగితే జవాబు చెప్పి, కళ్లు తుడుచుకొని బస్సెక్కుతారు.

మీరు ఒంటరిగా వచ్చినట్లయితే ఆ అరుగు మీద కూర్చోవచ్చు. సిగ్గుపడవలసిన పని లేదు. ఆ స్వామి కూడా మూసిన తలుపు ముందు చాలాసేపు నిలబడినవాడే.