షినో ఓడిపోయిన ఏడు

ఊ కొడితేనే చెప్తాను, ఆవలిస్తే ఆపేస్తాను. అనగనగా, మన తాతల తాతలకు కూడా ముందు, జపాను దేశంలో సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో షినో అని, చేపలు ఎండబెట్టుకుని బతికే మనిషి.

కొత్త సంవత్సరం నాడు అక్కడి ఆడవాళ్ళు ఈకబంతి ఆడేవారు. చెక్క పలకతో ఒకరు కొట్టాలి, ఇంకొకరు తిప్పికొట్టాలి. మన బ్యాడ్మింటనే అనుకోండి, వల ఒక్కటే లేదు.

ఏటా వానల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే జ్వరం ఒకటుండేది; షినో మొదటిసారి గెలిచిన ఏడు ఊళ్ళో ఏ బిడ్డకీ అది రాలేదు. "షినో గెలిస్తే జ్వరం రాదర్రా!" అన్నాడు ఊరిపెద్ద. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే! కానీ ఊరి నోరు మూయించగలమా?

మరుసటేడు టక్కున కొట్టింది, ఈక లేచింది, షినో గెలిచింది. ఆ పై ఏడూ టక్కున కొట్టింది, ఈక లేచింది, షినో గెలిచింది. ఊరంతా సంబరమే. షినోకి మాత్రం పండగొస్తోందంటే ముద్ద దిగేది కాదు. తన చెయ్యి జారితే ఎవరి బిడ్డ పోతుందోనని హడలి చచ్చేది.

ఏళ్ళు గడిచాయి, భుజం పట్టేసింది. ఆ ఏడు పక్కింటి కోడలు కయోతో ఆట. కయో టక్కున కొట్టింది, ఈక లేచింది, షినో అందుకోలేకపోయింది. తల్లులు పిల్లల్ని పొట్టకు కరుచుకున్నారు.

వానలు పడగానే జ్వరం రానే వచ్చింది. ఎవరికి? కయో కొడుక్కే!

"గెలిచి నా బిడ్డనే చంపుకుంటున్నాను అత్తా!" అని గుమ్మంలోకొచ్చిన షినోని చూసి కయో గుండెలు బాదుకుంది.

షినో గడప దాటి లోపలికొచ్చింది. "ఏడుపు తర్వాత. ముందు నీళ్ళు తేవే," అంది.

మొదటిరోజు తడిగుడ్డ వేసింది, జ్వరం దిగలేదు. రెండోరోజు గంజి పట్టింది, కక్కేశాడు. మూడోరోజు పొద్దెక్కేసరికి వాడికి చెమట పట్టింది. కళ్ళు తెరిచి, "అవ్వా, ఆకలేస్తోంది," అన్నాడు.

"హమ్మయ్య!" అని షినో చతికిలబడింది. నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. "ఈక పడింది, జ్వరం వచ్చింది, పోయింది కూడా! ఇన్నేళ్ళూ ఉత్తపుణ్యానికి భయపడి చచ్చానే కయో!"

ఆ తర్వాత కూడా షినో ఏటా ఆడింది. కడుపునిండా తిని మరీ ఓడింది. పండు ముసలిదై కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఈకబంతి కింద పడితే ఎవరూ అయ్యో అనరు. పిల్లా పెద్దా "హమ్మయ్య, షినో!" అని కేకేస్తారు. ఓడినామె గంజికుండ పట్టుకుని, మంచాన పడ్డవాళ్ళ ఇంటికి వెళ్తుంది. వాళ్ళు తలుపు తీసి, "ఓడిపోయి వచ్చావా తల్లీ? రా, రా!" అంటారు.