కిరీటం పెట్టుకున్న కుండ

రోమన్ల ఏలుబడి పోయి కొన్ని వందల ఏళ్లు గడిచాక, ఫ్రాన్సు నేల మీద గోదెఫ్రా అనే రాజు ఒక చిన్న రాజ్యం ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నదే గాని ఆయన డాబు చాలా పెద్దది.

ఒకనాడు రోము నుంచి ఓడిలో అనే పండితుడు వచ్చి, "ప్రభూ, తమ ప్రజలు మాట్లాడేది కుళ్లిపోయిన లాటిన్!" అన్నాడు. రాజుకు తల కొట్టేసినట్టయింది. వెంటనే చాటింపు వేయించాడు: ప్రతి మాటా పాత లాటిన్ అర్థంలోనే వాడాలి. తప్పితే దేశ బహిష్కారం.

మొదట దొరికిపోయినవాడు గుర్రాలశాల చూసే మార్తెన్. "ప్రభూ, తమ కవాల్ సిద్ధం" అన్నాడు పాపం. ఆ దేశంలో గుర్రాన్ని అందరూ అలాగే అనేవారు.

పండితుడు ఎగిరిపడ్డాడు. "లాటిన్‌లో ఆ మాటకు బక్కగుర్రం అని అర్థం! మంచి గుర్రాన్ని ఎక్వుస్ అనాలి!"

"నా గుర్రం బక్కదా? ఫో, మూటాముల్లె సర్దుకో!" అన్నాడు రాజు. మార్తెన్ భార్య ఏడుస్తూ కూలబడింది.

ఆ దెబ్బతో కోటలో అందరి నోళ్లూ పడిపోయాయి. వంటవాడు ఉప్పు కోసం చేతులు తిప్పితే నౌకర్లు మేకను తోలుకొచ్చారు.

అప్పుడు రాజును నవ్వించడమే పనిగా ఉన్న గోబేర్ ముందుకొచ్చాడు. "ప్రభూ, ఎల్లుండి పట్టాభిషేకం పండుగ ముగిసేదాకా తమ నోట ఒక్క తప్పు మాట రాకపోతే నేనూ మార్తెన్ వెంటే పోతాను. వస్తే మాత్రం అతణ్ణి వదిలెయ్యాలి."

"సరే!" అన్నాడు రాజు. ఆ తరవాత ఆయన మాటే మానేశాడు. అన్నిటికీ దగ్గే. ఒక దగ్గు అవును, రెండు దగ్గులు కాదు. మధ్యలో ఒకసారి నిజంగానే పొలమారి దగ్గితే, ఒక ఊరి పన్ను రద్దయిపోయింది.

పండుగనాడు సభ కిక్కిరిసింది. ఏటా ఆ రోజు రాజుకు మళ్లీ కిరీటం తొడిగే పని గోబేర్‌ది. అతను దాన్ని భక్తిగా తెచ్చి రాజుగారి మోకాలి మీద పెట్టాడు.

రాజు రెండుసార్లు దగ్గాడు.

"ఇక్కడ కాదా? చిత్తం" అని భుజానికి తగిలించాడు.

రాజు మళ్లీ దగ్గి, వేలెత్తి పైకి చూపించాడు. గోబేర్ కప్పు వైపు చూసి, "అంత ఎత్తుకైతే నిచ్చెన కావాలి ప్రభూ!" అన్నాడు.

రాజుకు ఒళ్లు మండిపోయింది. "మూర్ఖుడా! నా తెస్త మీద పెట్టు, తెస్త మీద!"

ఆ దేశంలో తలను తెస్త అనేవారు.

గోబేర్ తన అంగీ చాటు నుంచి ఒక మట్టికుండ తీశాడు. దాన్ని సింహాసనం పక్కన పెట్టి, కిరీటం తొడిగి, "మహారాజుకు జయం!" అంటూ సాష్టాంగపడ్డాడు. అలవాటు కొద్దీ సభంతా కుండకు వంగి దణ్ణం పెట్టింది.

"ఏమిటీ వేళాకోళం?" అని రాజు గద్దించాడు.

"పండితులవారినే అడగండి ప్రభూ. లాటిన్‌లో తెస్త అంటే ఏమిటి?"

పండితుడు చెమట తుడుచుకున్నాడు. "కుండ... మట్టికుండ."

"మరి తలను ఏమంటారు?"

"కాపుత్."

"వెనకటికి ఎవరో ఎగతాళికి తలను కుండ అని ఉంటారు ప్రభూ. ఎగతాళి ఎవరికీ గుర్తులేదు, మాట మిగిలింది. తమరూ, మేమూ అమ్మ ఒడిలో నేర్చుకున్నది ఆ మాటే. అది తప్పంటారా, ఇకమీదట ఈ కుండే మా రాజు!"

రాజు కుండ వైపు చూశాడు. కిరీటం దానికి చక్కగా అమరింది కూడా. ముందు ఆయన మీసాలు అదిరాయి, తరవాత పొట్ట అదిరింది, ఆఖరికి సింహాసనం మీది నుంచి జారిపడేదాకా నవ్వాడు.

అక్కడికక్కడే చాటింపు రద్దు చేసి, మార్తెన్‌ను పనిలోకి తీసుకున్నాడు. గోబేర్‌కు ఒక ద్రాక్షతోట రాసిచ్చాడు. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటపడటంతో, ఆ పూట విందులో ఎవరేమంటున్నారో ఎవరికీ వినబడలేదు.