నాగవేణి తలనొప్పి

డాక్టర్ ప్రవల్లికకు ఆ ఉదయం సంతోషమూ భయమూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి.

సంతోషం ఎందుకంటే, ఎవరికీ అంతుపట్టని జబ్బును తను పట్టుకుంది. నాగవేణి పన్నెండు రోజుల బాలింత. రెండు రోజులుగా తల పగిలిపోయే నొప్పి. తల్లి తిమ్మక్క ఆమెను పెద్దాసుపత్రికి తీసుకొచ్చేసరికి, గుమ్మంలోనే ఫిట్స్ వచ్చాయి. మొదటి స్కాన్‌లో మెదడులో కొంచెం రక్తం కనబడింది. బీపీ వల్లేమో అనుకున్నారు. చూస్తే బీపీ మామూలుగా ఉంది.

మెదడు వైద్యంలో రెండో ఏడు చదువుతున్న ప్రవల్లిక, కంటి లోపలిదాకా చూపే పరికరం పెట్టి నాగవేణి కళ్లలోకి చూసింది. కంటి వెనక నరం ఉబ్బి ఉంది. లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం. వెంటనే మెదడులోని సిరలు కనబడే స్కాన్ చేయించింది. నడినెత్తి కింద, ముందు నుంచి వెనక్కి పోయే పెద్ద సిరలో రక్తం గడ్డ కట్టి కూర్చుంది.

ఎందుకు కట్టిందో తెలుసుకుందామని తిమ్మక్కను అడిగింది. "నీళ్లు బాగా తాగిస్తున్నారా?"

"బాలింతకు నీళ్లేంది తల్లీ, కడుపు జారదా? పొద్దుటికొక గ్లాసు, మాపుటికొక గ్లాసు. అంతే ఇచ్చినా," అంది తిమ్మక్క, తన పథ్యం మీద నమ్మకంతో.

"అందుకే వచ్చింది ఇది. నీవల్లే," అనేసింది ప్రవల్లిక.

ఇక భయం సంగతి. మెదడు విభాగం పెద్ద డాక్టరు హబీబుల్లా సార్ రౌండ్స్‌కు వచ్చి, ప్రవల్లిక చెప్పిందంతా విని, స్కాన్‌లు వెలుతురులో పెట్టి చూసి, "బాగా పట్టుకున్నావమ్మా," అన్నారు. ఫిట్స్‌కు మందు, సెలైన్, దాని కింద హెపారిన్ అని రాశారు.

ప్రవల్లిక ఆ పేరు రెండుసార్లు చదివింది. అది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు.

"సార్, లోపల రక్తం కారింది కదా."

"కారింది."

"ఈ మందిస్తే ఇంకా కారదా? నా చేత్తో నేనే ఆ పిల్లను..."

సార్ ఆమెను డాక్టర్ల గదిలోకి తీసుకెళ్లి, చొక్కా చెయ్యి మడిచి, వాష్‌బేసిన్ అడుగున ఉన్న రంధ్రం మీద అరచెయ్యి అదిమిపెట్టారు. రెండో చేత్తో కుళాయి తిప్పారు.

బేసిన్ నిండింది. అంచులు దాటి నీళ్లు నేల మీదికి జారి ప్రవల్లిక చెప్పులు తడిపాయి.

"తుడవమ్మా," అన్నారు సార్, ఏమీ ఎరగనట్టు.

ఆమె మూలనున్న గుడ్డ తెచ్చి తుడిచింది. తుడిచినచోట మళ్లీ నీళ్లు. గుడ్డ పిండింది, మళ్లీ తుడిచింది. తలుపు దగ్గర ఆగిన నర్సు నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది.

మూడోసారి వంగబోయి ప్రవల్లిక నిలబడిపోయింది. "చెయ్యి తీయండి సార్."

"తీస్తే నీళ్లు ఇంకా జోరుగా పోతాయే?"

"పోవాల్సిన దారినే పోతాయి కదా సార్. ఆ పిల్ల తలలోనూ సిరకు గడ్డ అడ్డుపడ్డందుకే రక్తం బయటికి కారింది," అంది ప్రవల్లిక.

సార్ చెయ్యి తీశారు. చొక్కాకే చెయ్యి తుడుచుకుంటూ టీ తాగడానికి వెళ్లిపోయారు.

హెపారిన్ ప్రవల్లికే ఎక్కించింది. గంటగంటకూ వచ్చి నాగవేణిని పేరడిగింది, చేతులెత్తమంది, కాళ్లు కదపమంది. రక్తం ఎంత పల్చబడిందో చూసి మందు మోతాదు సర్దింది. మర్నాడు మళ్లీ స్కాన్ తీస్తే, కారిన రక్తం అంతే ఉంది, పెరగలేదు. మూడో రోజుకు నొప్పి సగం తగ్గింది. ఐదో రోజు నాగవేణి లేచి కూర్చుని, బిడ్డకు పాలిస్తూ, ఆసుపత్రి ఉప్మాలో ఉప్పు లేదని తగవు పెట్టుకుంది. వార్డంతా నవ్వింది.

తిమ్మక్క ఒక్కతే నవ్వలేదు. సార్ రాగానే చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యా, నా బిడ్డకు ఇది నావల్లే వచ్చినాదంట. నిజమేనా?"

ప్రవల్లిక ముఖం కందిపోయింది.

సార్ మంచం అంచున కూర్చున్నారు. "కాన్పయ్యాక కొన్నాళ్లు ఎవరికైనా రక్తం తొందరగా గడ్డకడుతుందమ్మా. నీళ్లు చాలకపోతే ఇంకాస్త. ఇకమీద అడిగినన్ని ఇయ్యి. అది సరే, తలనొప్పికి ఇంతదూరం ఎందుకొచ్చావు? మీ ఊళ్లో డాక్టరు లేడా?"

"ఉన్నాడు. చలిగాలి తగిలినాది, పడుకోబెట్టు అన్నాడు. అందరూ అదే మాట. నాకే మనసొప్పలేదు. నా బిడ్డ నొప్పికి ఏడ్చే పిల్ల కాదయ్యా. కాన్పులోనే ఏడవలేదు. దీనికి ఏడిసినాది. పసిబిడ్డనొక చంకన, దీన్నొక భుజాన ఏసుకుని రెండు బస్సులు మారి వచ్చినా."

సార్ మంచానికి తగిలించిన కేసు షీటు తీసి, మొదటి పేజీ తిప్పారు. జబ్బును ఎవరెప్పుడు గుర్తించారో రాసే చోట ప్రవల్లిక పేరు, తేదీ, గంట ఉన్నాయి. ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆమెకు అందించారు.

ప్రవల్లిక తన పేరుకు పైన, ఉన్న కాస్త ఖాళీలో, అక్షరాలు ఇరికించి రాసింది: తిమ్మక్క, తల్లి. రెండు రోజుల ముందు.